గుడ్డ లెక్క

బ్రేకినస్పెక్టరు గారు కాగితం మీద పెన్ను ఆపి
"ఇంతకీ ఇది బండా, ఇల్లా?" అనడిగేరు.
ఏసుపాదం మేస్త్రి బుర్ర గోక్కున్నాడు.
నేను సీట్లకి రెగ్జిను కుట్టేదాన్ని,
నన్నెవరడుగుతారు?
అడిగుంటే గుడ్డ లెక్కలో చెబుదును.

పాలకొల్లు కాలవగట్టున మా షెడ్డు.
ఆ వేసంగిలో రెండొచ్చాయి.
ఒకటి పాత టెంపో,
పెళ్ళివారిని మోసి మోసి నడుం జారింది.
రెండోది ఒట్టి ఛాసీ. తోలు కప్పని ఎముకలు,
ముందొక స్టీరింగు, కూచోడానికి కొబ్బరిపెట్టె.
పెయింటరు కుర్రాడు బుజ్జులు ఫోన్లో చూసి చెప్పాడు:
మొదటిదాన్ని క్యాంపర్ వ్యాన్ అంటారట,
రెండోది మోటార్ హోమ్ అవుతుందట.
"చిన్నదీ పెద్దదీ, అంతేగా" అన్నాడు మేస్త్రి,
లారీలు కట్టే మనిషి.

టెంపో లాంచీ సరంగు మల్లాడి నూకరాజుది.
చించినాడ వంతెన పడ్డాక లాంచీని గట్టెక్కించేశారు.
అప్పట్నించీ ఆయనకి మంచమ్మీద నిద్రలేదు.
"నిలబడే ఎత్తు రాదు బాబాయ్" అంటే
"లాంచీ అడుగున ముప్పయ్యేళ్ళు వంగే ఉన్నాను,
నిలబడాలనిపిస్తే దిగి నిలబడతాను" అన్నాడు.
పగటి సీటే రాత్రి పరుపు.
మడతబందు దగ్గర తెగకుండా
నైలాను దారం మూడు వరసలేశాను.
పొయ్యి వెనక తలుపు ఎత్తితేనే వెలుగుద్ది,
వంటిల్లంటే అదే, పైన ఆకాశం.
కర్టెన్లకి ఆరు మీటర్లు.
బండి బండిలానే ఉంది,
ఇల్లు దాని ఒళ్ళో ముడుచుకు పడుకుంది.

ఛాసీ ఉండి వైపు రొయ్యల మేత డీలరు పెనుమత్స వారిది.
కొలతలు మాత్రం ఆయనివ్వలేదు.
చక్రాల కుర్చీలో వాళ్ళ చెల్లెలు అచ్యుతాంబ గారొచ్చి
షెడ్డు నేల మీద ఒక్క చుట్టు తిరిగి,
ఆ చుట్టు వెంబడి నాచేత సుద్దగీత గీయించారు.
"ముందు ఇంత జాగా. బండి దీని చుట్టూ కట్టండి."
నలభై ఆరేళ్ళావిడకి. ఎక్కడికెళ్ళినా
ఎవరో ఒకరు చంకల కింద చేతులేసి ఎత్తాల్సిందే.
"నీళ్ళగదికి గడియ లోపల పెట్టించు" అన్నారు,
టేపు పట్టుకున్న నావంక చూడకుండా.

అలా ముందు గది పుట్టింది, ఆనక గోడలు.
చక్రాలు ఆఖర్న ఒప్పుకున్నాయి.
సీటు సీటే, మంచం మంచమే.
ఇరవై రెండు మీటర్లు లాగేసింది గుడ్డ.
నూకరాజు బాబాయి ఒళ్ళు బండికి తగ్గట్టు వంగుద్ది.
ఈవిడ ఒళ్ళు వంగదు. ఏం చేస్తాం,
ఛాసీనే వంచాం.

బ్రేకినస్పెక్టరు గారు రెంటికీ ఒకటే మాట రాసి సంతకం పెట్టేరు.

అంతర్వేది దాకా ఓసారి నడిపి చూద్దామన్నారు.
బాబాయి నర్సాపురం రేవుకి పోయి పంటెక్కించాడు,
"ఆ వంతెన నేనెక్కను."
పెద్దదాన్ని పంటువాడు రానివ్వడు కదా,
చించినాడ మీంచి చుట్టుతిరిగాం.
కర్టెను రింగులు వదులైతే
నడిచే బండిలో నిలబడి కుట్టాను.
ఆవిడ తనంతట తనే కిటికీ దగ్గరకి దొర్లించుకుని
గోదారిని చూస్తూ కూచున్నారు, మాటాడలేదు.
సందుల్లో అద్దం ఒకటి పోయింది, కొబ్బరిమట్ట తగిలి.

మేం చేరేసరికి బాబాయి వెనక తలుపు కింద
ఎండురొయ్యలూ వంకాయా దింపేసి,
అరటాకు కోసి, మాకోసం చూస్తున్నాడు.

రాత్రి నేను రెంటి మధ్యా ఇసకలో పడుకున్నాను.
ఒకవైపు టెంపో, ఆయన పక్కకి తిరిగినప్పుడల్లా
కట్టేసిన పడవలా ఊగుతోంది.
రెండోవైపు గడియ పడిన చప్పుడు.
తర్వాత నీళ్ళు.
వంద లీటర్ల టాంకీ
అడుగంటేదాకా నీళ్ళు.