బీబీ కుంటుతోంది

జనవరిలో వస్తాయి కాగితాలు.
పాలిటెక్నిక్ ముద్ర, ప్లాస్టిక్ కవరు,
"గౌరవనీయులైన అయ్యా" అనే అదే మొదటి వాక్యం,
అదే చోట అదే అచ్చుతప్పు.
అన్నీ నా సొరుగులోకి పోతాయి.
సొరుగు నిండితే
ఐసు దిమ్మల కింద తడి పీల్చడానికి పరుస్తాం.
పాపమే. అయినా చెప్తున్నాను.

మొంబాసా పాత రేవు పక్కన మా ఐసు ఫ్యాక్టరీ.
మూడింటికి పడవలొచ్చే వేళకి
దిమ్మలు సిద్ధంగా లేకపోతే
చేపలకన్నా ముందు జాలర్ల నోళ్ళు కంపుకొడతాయి.

ఆ అమ్మాయి కాగితం తేలేదు.
గేటు దగ్గర చెవి రిక్కించి నిలబడి
"లోపల ఒకటి కుంటుతోంది కదండీ" అందట.
వాచ్‌మన్ షాలే నవ్వుతూ వచ్చి చెప్పాడు.
నాకు నవ్వు రాలేదు.
నలభై ఏళ్ళ అమ్మోనియా కంప్రెసర్ అది,
మేం బీబీ అంటాం,
వారం రోజులుగా కుంటుతున్న మాట నిజం.
నేను తప్ప ఎవరూ వినలేదనుకున్నాను.

పేరు ఎంబేయు. రిఫ్రిజిరేషన్, రెండో ఏడు.
"ఖాళీ లేదమ్మా" అన్నాను, అడక్కముందే.
తలుపు వేసేశాక ఎవరని అడగడం
నాకు పాతికేళ్ళ అలవాటు.
"సరే" అంది.
"బీబీకి ఆయిలు ఎప్పుడు మార్చారు?"

రెండో గురువారం నోటుపుస్తకంతో వచ్చింది.
వాల్వు బొమ్మ గీసుకొచ్చింది, తప్పు గీసింది.
పెన్సిలు తీసుకుని దిద్దాను.
అరగంట దిద్దానని
టీ మీద మీగడ కట్టాక తెలిసింది.

మూడో గురువారం రాలేదు.
గేటు వైపు రెండుసార్లు చూశాను.
మూడోసారి చూస్తుండగా షాలే చూశాడు నన్ను.

శుక్రవారం వచ్చింది, చెమటతో.
లికోని ఫెర్రీ ఆగిపోయిందట.
"వస్తానని చెప్పలేదు గానీ
రాలేకపోయానని చెప్పాలనిపించింది."

అడగందే అమ్మైనా పెట్టదంటారు.
ఈ పిల్ల అడగనే అడగదు.
చివరికి సిగ్గు విడిచి నేనే అడిగాను,
పని ఎందుకు అడగవని.
"మీరు ముందే లేదన్నారు కదా.
మళ్ళీ అడిగితే మళ్ళీ లేదనాలి మీరు.
మీకెందుకు ఆ ఇబ్బంది."

ఉన్నది ఒకటే చోటు. అది
యజమాని బావమరిది కొడుక్కి పోయింది.
వాడు బీబీ పక్కన కూర్చుని
ఫోను చూసుకుంటాడు, రెండు చెవుల్లోనూ దూది లాంటి పాటలు.
ఆ సంగతి ఎంబేయుతో చెప్పిన రోజు
ఆమె మొహం వాడలేదు, నాదే చెల్లలేదు.

కిలిఫీలో ఇంకో ఐసు ఫ్యాక్టరీ ఉంది. మ్వరూవాది.
ఎనిమిదేళ్ళ కిందట ఒక వాల్వు అరువిచ్చి,
అది తిరిగి రాక,
మాటలు కూడా రావడం మానేశాయి మా మధ్య.
ఆ రాత్రి నంబరు వెతికాను. నొక్కాను. కోసేశాను.
బీబీ దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి
మళ్ళీ నొక్కాను.

"ఏం కావాలి?" అన్నాడు, పేరు కూడా అనకుండా.
"నాకేం వద్దు.
నీకో చెవి పంపుతున్నాను."

చాలాసేపు అవతల
వాడి మెషిన్ల చప్పుడొక్కటే వినిపించింది.
"ఎన్ని నెలలకి?" అన్నాడు.

ఇప్పుడు గురువారాలు ఫోన్లో ఓ శబ్దం పంపుతుంది,
మాట ఉండదు, ఏదో మోటారు మూలుగు.
బేరింగు అని రాస్తాను. బెల్టు అని రాస్తాను.
ఒక్కోసారి తెలియదని రాస్తాను.
పండక్కి వచ్చినప్పుడు
నూనెగుడ్డలో చుట్టిన పాత వాల్వు నా బల్ల మీద పెట్టింది.
"ఆయన ఏమీ అనలేదు, ఇచ్చిరమ్మన్నారంతే."
అది ఇప్పుడు దేనికీ సరిపోదు.
సొరుగులో పెట్టాను, కాగితాలు కాస్త పక్కకి జరిపి.

నిన్న మళ్ళీ జనవరి.
గేటు దగ్గర ఓ కుర్రాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు.
"లోపల ఏం వినిపిస్తోంది?" అన్నాను.
చాలాసేపు విన్నాడు, నిజంగానే విన్నాడు.
"ఏమీ తెలియడం లేదండీ."
షాలేకి సైగ చేశాను,
రెండు టీలు.