తాడు వయసు

పొద్దున ఐదున్నరకి కొర్లగుంటలో
మా షెడ్డు రేకుతలుపు లేస్తాది.
ముందు లెక్క, ఆనక కాఫీ.
రంపాలు రెండు, పెద్దదీ పిల్లదీ.
లీటరు పెట్రోలుకి ఇరవై మిల్లీల ఆయిలు
ఇంజెక్షన్ సిరంజితో కొలిచి పోస్తా.
మా నాయిన ఒకసారి కళ్ళతో కొలిచి
పిస్టనూ పద్నాలుగు వేలూ పోగొట్టినాడు.
ఆ రోజే సిరంజి నా చేతికొచ్చింది.

గొలుసు పంటికి మూడు సార్లు ఆకురాయి,
ఎప్పుడూ ముందుకే, వెనక్కి రుద్దకూడదు.
కోసేటప్పుడు పిండి రాలితే మొద్దు,
అటుకులు రాలితే పదును.
నాయిన నాకు నేర్పిన చదువు ఇంతే.
ఇంకోటి కూడా ఉండాది:
బేరమాడే ముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరుగు.

ఎక్కేది దొరసామి.
యాభై రెండు కేజీలు, వానకి తడిసినా అంతే.
నేను కిందుండే మనిషిని.
మాను మొదట్లో బిగించిన ఇనప బొంగుకి
తాడు మూడు చుట్లు చుడితే
రెండొందల కేజీల కొమ్మ
ఉట్టి దిగినట్టు దిగుతాది.
నాలుగో చుట్టు నా భయం.

బుధవారం భవానీనగర్లో వసుంధర మేడం
గేటు కాడే నిలబెట్టి చెప్పింది,
"కారు నిండా ఆకులే. మొత్తం కొట్టెయ్యండి."
నిద్రగన్నేరు. రోడ్డు సగం దానిదే.
కొట్టేస్తే పద్దెనిమిది వేలు,
అడ్డం కొమ్మలు తీస్తే ఆరు.
ఐదో తేదీకి టాటా ఏస్ కంతు కట్టాల.
ఆ పద్దెనిమిది నాకే కావాల.
చెట్టు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి
"ఎండాకాలం కారు యాడ పెడతారు మా?" అన్నా.
ఆమె కారు వైపు చూసింది, పైకి చూసింది,
లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది.

ఆరు వేలకే సరి.
లైన్‌మెన్ మస్తాన్ ఫోన్ చేసి
"తీసేసినా అక్కా" అన్నాడు.
అన్నాక కూడా దొరసామి
తీగ మీద ఉడత నడిచిందాకా ఎక్కలేదు.

పోయిన ఆడికృత్తికకి నాలుగు రోజుల ముందు
కరకంబాడి రోడ్డులో ఒక నేరేడు.
నేరేడు కొమ్మని నమ్మకూడదు,
పండు కడుపు నింపుతాది, కొమ్మ కాలు తీస్తాది.
పట్‌మని సద్దు.
ఎనిమిదడుగులు.
తాడు పట్టింది.
తాడు ఇంకో కొస నేను.
దొరసామి గాల్లో తిరగతా తిరగతా
"నా చెప్పు యాడ పడింది చూడక్కా" అన్నాడు.
నా చేతి గ్లౌజు అరచెయ్యి కాడ కాలి
పచ్చి రబ్బరు కంపు.

షాపాయన ముందే చెప్పుండాడు:
పడే మనిషిని ఒకసారి పట్టిన తాడు
ఇంకో మనిషికి పనికిరాదు.
ఎనిమిది వేల ఐదొందలు. ఇంకా ఏడాది నిండలా.
రెండు రాత్రులు బల్బు కింద కూచుని
కొసాకొసా వేళ్ళతో తడిమినా.
తెగిన పోగు లేదు, ఉబ్బు లేదు, మెత్తన లేదు.
ఏమీ దొరకలా.
ఆ ఏమీ లేకపోవడమే నిద్ర పట్టనీలా.

మూడోరోజు కొడవలి తీసుకుని
మూరెడు మూరెడు ముక్కలు చేసేసినా.
ఎవరన్నా దొంగిలిస్తారని కాదు,
పని లేని నెలలో నేనే
"ఈ ఒక్కసారికి" అంటానని.

ఒక ముక్క బండి వెనక తలుపుకి కట్టుండాది.
ఒకటి దొరసామి పెళ్ళాం కుప్పమ్మ
వచ్చి అడిగి తీసుకుపోయింది.
ఎందుకని నేనడగలా,
దేనికో ఆమె చెప్పలా.

కొత్త తాడు పసుపుపచ్చది.
కొసన మార్కర్‌తో కొన్న తేదీ రాస్తా ఉంటే
దొరసామి మోకాలు పట్టుకుని కూచుంటా అన్నాడు,
"నాక్కూడా ఒక తేదీ రాసెయ్ అక్కా."
పదిహేడో ఏట ఎక్కినోడు. ఇప్పుడు నలభై ఆరు.
ఇద్దరం నవ్వినాం.

ఆ వారం ఫోన్లు ఏడొచ్చినాయి.
పొట్టి చెట్లే ఒప్పుకున్నా.