రబ్బరు తోక

తలకోనకు పైన, ఎర్రచందనం కాపలా క్యాంపుకు
తిరుపతి నించి నన్ను జీపులో తీసకపొయ్యినారు.
సంచిలో పది గజాల కేబులు, ఒక రాగికడ్డీ,
చిటికెనవేలి గోరంత అడాప్టరు.

"నాకన్నీ ఇనబడతాయి సామీ,
నేను చెప్పేదే ఎవురికీ ఇనబడదు"
అన్నాడు వాచరు గుర్రప్ప.
కంట్రోల్ రూము రిజిస్టర్లో ఆయన పేరు ముందర
మూడేండ్లుగా ఒకటే మాట: జవాబు లేదు.

వాకీటాకీ నెత్తిన జానెడు రబ్బరు తోక తిప్పి ఊడదీసినా.
"ఇది లేకండా బటన్ నొక్కద్దు, లోపల కాలిపోతాది."
లావు కేబులు నేరుగా తగిలిస్తే
ఆ బరువుకు సెట్టు మూతి ఇరిగిపోతాది,
అందుకని నడాన మూరెడు మెత్తటి వైరు.
వెదురుగడ కొసన రాగికడ్డీ. గడను బండకు కట్టి,
అతుకుల మీద టేపు చుట్టి,
వాననీళ్ళు జారి కింద పడేలాగ
కేబులుకు ఒక వంపు.

రాత్రి తొమ్మిది.
"క్యాంపు ఏడు. అంతా క్షేమం. ఓవర్."
అవతల గొంతు తడబడింది:
"ఎవురు? ఏడా? మళ్ళా చెప్పు!"
గుర్రప్ప మళ్ళా చెప్పలేదు.
హాజరు పిలిస్తే లేచి నిలబడిన కొత్త పిల్లోడి మాదిరి
సెట్టునే చూస్తా ఉండిపొయ్యినాడు.

నడిరేయి మెలకువొస్తే
గడ కింద టార్చిలైటు ఎలుగు.
కేబులు విప్పి పక్కనబెట్టి,
రబ్బరు తోక మళ్ళా బిగించుకోని
మెల్లగా చెప్పుకుంటాండాడు:
దుప్పికూన కుంటతాండాదని,
మోకాలి నొప్పి తగ్గలేదని,
చెల్లెలితో మాటల్లేవని,
తిరుపతాయన పెట్టిన టీలో చక్కెర శానా ఎక్కువని.

ఓవర్ అనలేదు.