లక్కపిడత మూత

బీచ్ రోడ్డు ప్రదర్శనలో ఆఖరి కొట్టు సన్నిబాబుది.
పక్కన మొక్కజొన్న పొత్తుల పొగ,
ఎదురుగా సబ్‌మెరైన్ టిక్కెట్ల వరస.
తరిణి మీద అంకుడు కర్ర గిర్రుమంటోంది.

సంచిలోంచి పిడత తీసిచ్చాను.
వేలి కణుపంత. మా చిన్నత్త ఆడుకున్నది.
మూత ఎప్పుడో ఇసకలో పోయింది.
"ఒక్క మూత చేసిపెట్టు, డబ్బు ఎంతైనా."

పిడతని వెలుగుకి పట్టుకున్నాడు.
అంచు మీద చిన్న చిన్న పంటిగాట్లు.
"ఎవులో గుంట కొరికీసినాది," నవ్వాడు.
"కొరికినా ఏటీ అవదమ్మా, పసుపే కదా."
తన వేలికంటిన రంగు తనే నాకి చూపించాడు.

"మూతొక్కటీ అంటే కుదర్దు గానీ...
పిడతా మూతా ఒక్క కర్రలోనే పుడతాయి,
కోసి విడదీసీది ఆఖర్న."

అయినా ఉలి పట్టాడు.
లక్క కరిగే వాసనకి
కాసేపు సముద్రం వాసన పోయింది.
మొగలాకుతో అదిమితే
రంగు కర్ర లోపల్నించే వచ్చినట్టు మెరిసింది.

సరిపోయింది. అంటే, సరిగ్గా కాదు.
తిప్పితే ఒకచోట బిగువు, ఒకచోట వదులు.
పాత పసుపు ఎండిన నారింజతొక్కలోకి దిగింది,
కొత్తది గడపకి అప్పుడే రాసినట్టుంది.

డబ్బు తీసుకోలేదు.
"పిడత నాకాడ ఒక్క పూట ఒగ్గీమ్మా.
ఈ అంచు తీసిన చెయ్యి ఎవులదో సూడాల.
మా తాత ఉలి ఇలాగే ఎడమకి వాలీది."

ఇచ్చి వచ్చాను.
గాజువాక బస్సులో
నా గుప్పెట్లో మూత ఒక్కటే.