రెండు వేళ్ళ సందు

జడ్చర్ల చౌరస్తా. ఇంకా తెల్లారలే.
మా షెడ్డు ముందర ఆగింది ఇన్నోవా,
కల్వకుర్తి నుంచి పాలమూరు దవాఖానకు
వారానికి మూడు దినాలు
ఆరుగురు కిడ్నీ పేషెంట్లను మోసేది.

"మణెమ్మక్కా, ఎడమ అద్దం దిగింది, ఎక్కతలేదు.
అట్టముక్క అంటిస్తె మిడ్జిల్ దాటంగనే ఎగిరిపాయె.
ఏడుకల్ల మిషన్ మీద పండుకోవాలె వీళ్ళు"
కురుమూర్తి ఇంజన్ బందు చెయ్యకుంటనే చెప్తున్నడు.

స్విచ్చు నొక్కిన. టిక్కుమన్నది, అంతే.
షాదుల్లా చాచా తలుపు మీద అరచెయ్యి ఆనించిండు.
ముప్పై ఏండ్లు లారీల హారన్లు బాగుజేసి
చెవులు పోగొట్టుకున్న మనిషి,
బండి మాట చెయ్యితోనే వింటడు.
"వణుకు లేదు. మోటారుకు పిలుపే అందతలేదు."

ఫ్యూజు తీసి మొగులు దిక్కు పట్టి చూసిన,
లోపలి సన్నతీగ సక్కగనే ఉంది.
కుడి తలుపు స్విచ్చు తెచ్చి ఎడమకు పెట్టిన, అదే మౌనం.

ఇగ తలుపు ఇప్పక తప్పలే.
ఆ కిటికీ సీటు బాలమణమ్మది.
దిగి, శాలువ కప్పుకోని, పాత లారీ టైరు మీద కూసున్నది.
స్క్రూలు రెండు. తర్వాత క్లిప్పులు, టప్పు టప్పున.
తలుపు కడుపుల ఏమేం దొరికినయనుకున్నరు:
పల్లికాయ పొట్టు, దవాఖాన టోకెను పద్నాలుగో నంబరుది,
సూది తీసినంక అద్దుకునే దూది ఉండ,
మధ్యల గోధుమరంగు చుక్కతోని.
అవి ఎవ్వరియని నేను అడగలే.

బ్యాటరీ నుంచి సీదా రెండు తీగలు కలిపి చూస్తే
గుర్రుమని తిరిగింది మోటారు, అద్దం జానెడు లేచింది.
మరి రోగం యాడున్నట్టు?

చాచా తలుపును సగం తెరిచి పట్టుకున్నడు. టెస్టు బల్బు వెలిగింది.
మూసిండు. ఆరింది.
మళ్ళ తెరిచిండు. వెలిగింది.
ఏం మాట్లాడకుంట
తలుపుకూ బండికీ నడుమ ఉండే
నల్ల రబ్బరు గొట్టం మీద గోటితోని గీకిండు.

ఎర్రతీగ పైతొడుగు చెక్కుచెదరలే.
బ్లేడుతోని చీరితే
లోపల రాగిపోగులు ఒక్కటొక్కటే తెగి
పచ్చటి పొడి లెక్క రాలినయి.

"ఎక్కంగ ఒకసారి, దిగంగ ఒకసారి,
వారానికి మూడు, ఆరేండ్లు..."
కురుమూర్తి లెక్క మొదలువెట్టిండు
ఎన్నిసార్లు మడతపడ్డదో ఆ తీగ అని.
నడుమల ఆగిపోయిండు.
ఆరేండ్ల కింద ఎక్కినోళ్ళల్ల
ఇప్పుడు ఇద్దరే ఉన్నరంట.

కొత్తతీగ మూరెడు తెంపిన.
"అతుకు మడతల పడొద్దు, ఇవతలికి జరుపు.
గుంజి కట్టకు, కొంచెం వదులుండనియ్యి" అన్నడు చాచా,
తన గొంతు తనకే వినరాదు గనుక చౌరస్తా అంతా వినేటట్టు.
సీసం కరిగి మెరిసి మసకబారింది.
తొడుగు ఎక్కించి, లైటరుతోని కాల్చి,
క్లిప్పులన్నీ కొట్టినంక ఒకటి మిగిలింది.
ఎప్పుడూ ఒకటి మిగుల్తది. డబ్బాల ఏసిన.

నొక్కిన. అద్దం లేచింది,
పైన రబ్బరుకు పోయి ముద్దుగ ఆనింది.
ఎప్పుడు మొదలైందో, చినుకులు పడుతున్నయి.
కురుమూర్తి నాలుగువందలు లెక్కవెడుతున్నడు.

బాలమణమ్మ లోపలి నుంచి అద్దం మీద కొట్టింది. దించిన.
"బాగుజేసినవు సల్లగుండ. గని బిడ్డా,
రెండు వేళ్ళంత తెరిచిపెట్టు.
దినానికి రెండు గిలాసలే తాగాలన్నరు నీళ్ళు.
వానగాలి అన్న తాగనియ్యి."

"ఏమంటుంది ఆమె?" అని అరిచిండు చాచా.
వానల ఎట్ల చెప్పాలె, ఎన్నని సైగలు చెయ్యాలె?
రెండు వేళ్ళు ఎత్తి చూపిన.

అద్దం ఇంకా రెండు వేళ్ళు తక్కువ ఎక్కుతుందనుకోని
ముసలాయన
మళ్ళ స్క్రూడ్రైవరు తీసిండు.