కన్నెమరాలో ఒక మాట

ప్రూఫు కాగితం మీద పెన్ను ఆగింది.
సెల్టిక్ అనాలా, కెల్టిక్ అనాలా?
రేపు పొద్దున్నే అచ్చుకి పోవాలి.
ఎగ్మూరుకి ఆటో ఎక్కాను.
"కన్నిమారానా?" అన్నాడు డ్రైవరు,
ఏడుగురు కన్నె దేవతలకి దండం పెట్టినట్టు.

అంజుగం తెచ్చి పెట్టిన నిఘంటువు
చంటిపిల్లాడంత బరువు.
గ్రీకులు కెల్టోయ్ అన్నారట,
తమ రేవుల వెనక అడవుల్లో
అర్థంకాకుండా మాట్లాడుకునే మనుషుల్ని.
పొడగరులు అని ఒకాయన అర్థం చెప్పాడు.
దాగినవాళ్లు అని ఇంకొకాయన.
కొట్టేవాళ్లేమో అని మరొకాయన.
చివర చిన్న అక్షరాల్లో: తెలియదు.
ఆ ఒక్క మాట మీదే నాకు నమ్మకం కుదిరింది.

తమని తాము అలాగే పిలుచుకునేవాళ్లని
రోము సేనాని ఒకడు రాశాడు.
గెలిచినవాడి సాక్ష్యం.
ఐర్లండుకైతే ఆ పేరు
పుస్తకాల పెద్దమనుషులు
నిన్నగాక మొన్న తొడిగిందే.
అంతకు ముందు వెయ్యేళ్లు ఆ దీవిలో
ఏ తల్లీ బిడ్డని ఆ మాటతో కేకెయ్యలేదు.

కెల్టి, కెల్టి అని గొణుక్కుంటుంటే
నాలుక జారి ఇంకో మాట మీద పడింది.
గొల్టి.

పెరంబూరు బడి, ఆరో తరగతి, మధ్యాన్నం బెల్లు.
నా డబ్బాలో గోంగూర చూసి
దేవసగాయం అరిచిన మాట.
ఏడవలేదు. ఇంటికొచ్చి రఫ్ నోట్సులో
మా భాష పేరు వెనక నుంచి రాసి చూసుకున్నాను.
గు లు తె.
మర్నాడు నేనూ ఊరుకోలేదు,
"పోరా అరవోడా" అన్నాను.
వాడు కోపం కూడా తెచ్చుకోలేదు,
ఎవరినో అనుకున్నాడు.

ఇప్పుడు ఆ అరవం ఎక్కణ్ణుంచొచ్చిందో వెతికాను.
అక్కడా ముగ్గురు మూడు చెప్పారు.
తెలుగుకి మాత్రం తేనె అని చెప్పుకుంటాం,
నవ్వకుండా.

గంట కొట్టారు. దీపాలు వరసగా ఆరుతున్నాయి.
కన్నెమరా అంటే ఏంటి, అడిగాను.
"ఎవరో దొర పేరు" అంది అంజుగం తాళాలు వెతుక్కుంటూ.
దొర పేరు ఒక ఊరి పేరట,
పడమటి ఐర్లండులో కడలి ఒడ్డు.
మర అంటే వాళ్ల మాటలో సముద్రం.
నూరేళ్లకి పైగా ఈ వీధిలో
బస్సు కండక్టర్ల నోట్లో నానుతోంది,
ఎవరికీ ఏ జాతని చెప్పుకోకుండా.

ప్రెస్సులో పొన్నువేలు మిషను ముందు కూర్చున్నాడు.
"సానా, కానా?"
"క పెట్టు."
"ఎందుకు సార్?"
"గ కి దగ్గరగా ఉంటుంది."
తలెత్తకుండానే అన్నాడు,
"మాకు రెండూ ఒకటే అక్షరం."

పేజీ నలభై ఒకటి, పోయింది.