నేల మీద ముప్పై ఒకటి

ఊపిరి లెక్కపెట్టడం
మా ట్యూటరమ్మ దొంగతనంలా నేర్పింది.
మణికట్టు పట్టుకో, వాచీ చూడు,
నాడి చూస్తున్నట్టు నటించు.
కళ్లు మాత్రం దుప్పటి మీదుండాలి.
లేచిందా ఒకటి, దిగి మళ్లీ లేచిందా రెండు.
లెక్కపెడుతున్నారని తెలిస్తే
మనిషి ఊపిరి సర్దుకుంటాడు,
ఫొటోకి జుట్టు సర్దుకున్నట్టు.

ఇరవై రెండేళ్లు అలా అబద్ధంగా పట్టుకున్నాను
గుంటూరు చేతుల్ని.
పత్తి తీసి చీరుకుపోయిన వేళ్లు,
నెయిల్ పాలిష్ సగం రాలిన కాలేజీ పిల్ల వేళ్లు,
లాలాపేటలో తూకాల గుమస్తానన్న ముసలాయన వేళ్లు.
"నాడికి ఇంతసేపా తల్లీ" అని నవ్వాడాయన.
దొరికిపోయి నేనూ నవ్వాను.
ఆ నిమిషం లెక్క పోయింది.

బాజీ దగ్గర నటించడానికి చోటే లేదు.
బ్రాడీపేట మలుపులో బజ్జీల బండి.
మూకుడు తిరగబడి
మెడ నుంచి బొడ్డు దాకా, రెండు మణికట్లూ.
గుడ్డ ఒంటికి తగలకుండా పైన ఊచల గూడు.
లేచేదీ దిగేదీ కంటికి ఆనదు.

అప్పుడొచ్చాడు త్రికోటి, సబ్బుపెట్టెంత పెట్టెతో.
గోడకి బిగించి,
"ఇది తాకదు మేడమ్,
అలని పంపుతుంది, ఛాతీకి తగిలి వెనక్కొస్తుంది.
వెంట్రుక మందం కదిలినా పట్టేస్తుంది" అన్నాడు.
గబ్బిలంలాగానా? అన్నాను.
దాదాపు, అన్నాడు.

మొదటి రోజు అది సీలింగు ఫ్యానుని లెక్కపెట్టింది.
రెండో రోజు కిటికీ పరదాని.
నాకు లోలోపల కాస్త సంతోషమైన మాట నిజం.

మూడో రాత్రి రెండుంపావు.
పదిహేడు చూపిస్తున్న తెర
ఉన్నట్టుండి ముప్పై ఒకటి అంది.
చెప్పులు వదిలేసి పరిగెత్తాను.
బాజీ మందు నిద్రలో ఉన్నాడు.
దూది పోగు ఒకటి లాగి
ముక్కు ముందు, తగలకుండా, పట్టుకున్నాను.
అదీ తాకని పరికరమే, పెట్టెకి అమ్మమ్మ.
పోగు ఊగింది, ఆగింది, ఊగింది.
పదిహేడు.
తెర మీద ముప్పై ఒకటి.

మరి ఎవరిది?

కిందికి చూశాను.
మంచానికీ గోడకీ మధ్య
మిర్చి టిక్కీ చింపి పరుచుకున్న గోనె మీద
బాజీ భార్య మౌలాబీ.
పగలంతా యార్డులో తొడిమలు తీసి,
కిలోల లెక్కన కూలి చేతిలో వేయించుకుని,
చీకటి పడేసరికి ఇక్కడికి.
మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని,
నోరు కాస్త తెరుచుకుని,
జాకెట్టు కింద పిచ్చుక ఎగిరిపడుతున్నట్టు.

మెల్లగా చెయ్యి పట్టుకున్నాను.
ఉలిక్కిపడి లేచింది.
"నాడి చూస్తున్నా," అన్నాను, అలవాటైన అబద్ధం.
ఆమె వేళ్ల ఎరుపు నా తెల్ల చేతికి అంటింది.
"నాకేంటమ్మా, ఘాటు. అందరికీ ఉండేదే.
మీరు ఆయన్ని చూడండి."
ఊపిరి సర్దుకుంది పాపం, నా కోసం.
సర్దుకున్నా ఇరవై ఎనిమిది.

కేస్ షీటులో మంచం నంబరుకే గడి ఉంది.
పక్క ఖాళీలో పెన్సిలుతో రాశాను:
నేల, 31.

పొద్దున త్రికోటి గీతలు చూసి తల గోక్కున్నాడు.
"సారీ మేడమ్, తప్పు మనిషిని పట్టింది."
కంప్యూటర్లో ఏదో దూరం మార్చాడు.
రెండు నొక్కులు, అంతే.
"ఇక మంచం ఎత్తు కింద ఏదున్నా వదిలేస్తుంది."
చెప్పినట్టే వదిలేసింది.
పదిహేడు. పదిహేడు. పదహారు.
డాక్టర్లు పెట్టె మంచిదన్నారు, నేనూ అన్నాను.

మౌలాబీకి ఓపీ చీటీ నేనే రాయించాను.
యార్డుకి వేసవి సెలవులిచ్చాక చూపించుకుంటానంది.
చీటీని మడిచి
కూలి డబ్బుల మధ్య దోపుకుంది.

ఇప్పుడు రాత్రి రౌండ్లలో
టార్చి కిందికి దించి నడుస్తాను.
చేతులు వెనక్కి కట్టుకుని,
ఎవరి మణికట్టూ పట్టుకోకుండా.
మందుల గది ముందు ఇరవై.
మెట్ల మలుపులో, సంచి తలగడగా పెట్టుకున్నాయన, పద్దెనిమిది.
గోడ వారన, గోనె మీద,
ఇవాళ ఇరవై తొమ్మిది.
ఇంకోసారి లెక్కపెడతాను.